పెద్దమ్మ దాచిన ఊపిరి

మా పెద్దమ్మ పోయింది. ధర్మవరంలో నేను పనిచేసే చీరల అంగడిలో ఎవరికో పెళ్ళి చీరలు విప్పి చూపిస్తుండగా, హిందూపురం నుంచి చెల్లెలు ఫోను చేసింది. "అక్కా, పెద్దమ్మకు ఊపిరి నిలిచిపోయింది," అంది. ఆ తరువాత అవతల అది గాలి పీల్చి వదిలే చప్పుడు మాత్రం వినిపిస్తోంది. చిన్నప్పటి నుంచి ఆస్తమా ఉన్న పిల్ల. "నీ మందు పీల్చుకున్నావా?" అని అడిగాను. పెద్దమ్మ ఉంటే మొదట అదే అడిగేది. ఏడుపు నాకు ఆ తరువాత వచ్చింది.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు మంచే రాయాలంటారు. ఆమె చేసిన మంచి నేను దాచను. కానీ ఆమె నాకు చేసింది కూడా దాచలేను. ఆమె మీద నాకు ఇంకా కోపం తీరలేదు.

మాది దూదేకులోళ్ళ ఇల్లు. హిందూపురంలో నాయనకు పరుపుల అంగడి. ముందర అంగడి, వెనక ఇల్లు. నాయన దూది ఏకుతుంటే అది మెల్లగా గాలిలో తేలుతూ వచ్చి అన్నం మీద, కూర మీద, మా కనురెప్పల మీద వాలేది. చెల్లెలికి నడక వచ్చిన కొత్తలోనే ఆయాసం కూడా వచ్చింది. పెద్దమ్మ అమ్మకు అక్క. ప్రభుత్వాసుపత్రిలో నర్సు. పెద్దనాయన చిన్న వయసులోనే పోయినాడు, పిల్లల్లేరు. ఒక దినం డ్యూటీ దిగి తెల్ల చీరతోనే మా ఇంటికి వచ్చింది. గడప దగ్గరే నిలబడి చెవి ఇటు పెట్టింది. లోపల పడుకున్న చెల్లెలి రొమ్ములో పిల్లి కూతలు ఆమెకు గడప దాకా వినబడ్డాయి.

"ఈ దూదిలో ఈ పిల్ల బతకదు. నేను తీసుకుపోతాండా," అంది.

"నా బిడ్డ సంగతి నాకు తెలీదా?" అని అమ్మ లేచింది.

"తెలిసింటే కిటికీ తెరిచి ఉందువు," అని పెద్దమ్మ పిల్లను భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

అట్లా చెల్లెలు పెద్దమ్మ ఇంట్లో పెరిగింది. నేను ఆదివారాలు పోయేదాన్ని. అమ్మా, పెద్దమ్మా పుట్టిందీ దూదిలోనే, మా తాతదీ ఇదే పని, కాబట్టి పెద్దమ్మ రొమ్ములోకి కూడా చిన్నప్పుడు అంత దూదీ పోయి ఉంటుందని నాకు ఎప్పుడూ తట్టలేదు. ఆరోగ్యం చూసేవాళ్ళకు ఆరోగ్యం ఉంటుందని అనుకుంటాం కదా.

ఎవరింటికి పోయినా ఆమె మొదట చేసే పని కిటికీలు తెరవడం. ఇంటివాళ్ళను అడిగేది కాదు. కూర్చుని మాట్లాడుతూనే ఎదుటి మనిషి రొమ్ము ఎగసిపడేది చూస్తుండేది. మాట మధ్యలో ఆపి, "నీకు రాత్రి నిద్ర సరిగా లేదు, అవునా?" అనేది. ఆమెకు అన్నిటికంటే పడని మాట ఒకటుండేది: ఏం లేదులే. ఎవరైనా కాలు కుంటుతూ వచ్చి "ఏం లేదులే" అంటే ఒంటికాలి మీద లేచేది. "నొప్పి ఉంటే నొప్పి అని చెప్పు. సిగ్గెందుకు? దాచిపెట్టి చచ్చినోళ్ళనే నా వార్డులో ఎక్కువ చూసినా," అనేది. "డాక్టరుకు అబద్ధం చెప్తే మందు కూడా అబద్ధమే అవుతాది," అనేది. ఈ మాటలు మా ఇద్దరికీ నమాజులాగా నోటికి వచ్చు.

రిటైరయ్యే ముందు వార్డులో టీవీలో ఏదో చానెల్లో అగ్నిపర్వతాన్ని చూపించారట. ముక్కుకు గొట్టాలు పెట్టుకున్న పేషంట్లంతా మంచాల మీది నుంచి దాన్ని చూస్తున్నారట. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి మాతో అంది: "నా సర్వీసంతా ఊపిరాడనోళ్ళ మధ్యనే అయిపోయింది. ఆ కొండ ఊపిరి వదిలేది ఒకసారి చూడల్ల." నవ్వుకున్నాం. రిటైరయినాక ఆమె నిజంగానే బయలుదేరింది, మా ఇద్దరినీ వెంటబెట్టుకుని. ఇండోనేషియాలో, ఊళ్ళకు బాగా దూరంగా ఉండే ఒక అగ్నిపర్వతాల పార్కు.

పోయే ముందు కొన్ని వారాల పాటు మమ్మల్ని పెనుకొండ కొండ ఎక్కించింది. పెనుకొండలో ఆమెతో పాటు పనిచేసి రిటైరయిన ఇంకో నర్సు ఉంది, మేము నర్సక్క అని పిలుస్తాం. ఆమె ఇంట్లో చెప్పి కొండెక్కేవాళ్ళం. "మిట్టమధ్యాన్నానికి దిగొస్తాం. రాకపోతే మనుషుల్ని పంపు," అని పెద్దమ్మ గట్టిగా చెప్పేది. అందరికంటే మెల్లగా నడిచేవాళ్ళు ముందు నడవాలి, తక్కినవాళ్ళు వాళ్ళ వెనక నడవాలి. ముందుండేది ఎప్పుడూ చెల్లెలే. నీళ్ళ సీసా ఎవరిది వాళ్ళు మోసుకోవాలి. ఆయాసమొస్తే ఆ క్షణమే చెప్పాలి. ఒకసారి కోట గోడ కనబడుతుండగానే గాలి మారి మబ్బు పట్టింది. పెద్దమ్మ వెంటనే వెనక్కి తిప్పింది. చెల్లెలు మూతి ముడుచుకుంటే, "ఈ కొండ రేపు కూడా ఈడనే ఉంటాది. నువ్వు ఉండల్ల గదా," అంది.

ఆ దినాల్లో ఆమె దారి పొడుగునా ఆగి ఆగి నడిచేది. చెట్ల పేర్లు చెప్పేది, నాలుగు మాటలు మాట్లాడి మళ్ళీ కదిలేది. మా కోసం నిదానంగా నడుస్తోందని నేను మురిసిపోయాను.

ఆ పార్కు చేరడానికి విమానం దిగి, పడవ దాటి, ఒక పగలంతా జీపులో పోయాం. దారిలో ఫోనులో సిగ్నలు పోయింది. గేటు దగ్గర పెద్ద బోర్డు ఉంది, కొండ ఈ పొద్దు ఎట్లా ఉందో రంగుల్లో చూపించేది. ఎర్ర రంగు ఉంటే ఎవరినీ వదలరు. ఆ దినం పైదాకా పోవచ్చు. మా వెంట వచ్చిన గైడు ఆ కొండ కింది ఊరివాడే. సన్నటి మనిషి, మాటలు తక్కువ. కాఫీ అంగడి ముందు మమ్మల్ని నిలబెట్టి ఇంగ్లీషులో అడిగాడు: ఎవరికైనా ఆస్తమా ఉందా, గుండె జబ్బు ఉందా, ఊపిరితిత్తుల జబ్బు ఉందా. మా ముగ్గురిలో ఇంగ్లీషు బాగా వచ్చింది పెద్దమ్మకే. ఆయన మాటలన్నీ ఆమే తెలుగులో చెప్పింది.

"ఆ పొగ ఆస్తమా ఉండేవాళ్ళకు విషం. గాలి మనవైపు తిరిగితే మాస్కు తీయొద్దు, గాలి వచ్చే దిక్కుకే నడవల్ల. ఆ పొగ గాలికంటే బరువు. గుంటల్లో నిలబడతాది. యాడ గుంట కనిపించినా ఆడ కూర్చోవద్దు. తాడు దాటొద్దు." చెప్పి చెల్లెలి వైపు తిరిగింది. "నువ్వు ఈడనే ఉండు."

చెల్లెలు కదల్లేదు. "ఇంత దూరం తీసుకొచ్చి ఈడ కూర్చోబెడతావా? ఈ నెలంతా నాకు ఒక్కసారి కూడా ఆయాసం రాలేదు పెద్దమ్మా."

"కూర్చోబెడతా. నిన్ను ప్రాణంతో ఇంటికి తీసుకుపోవల్ల."

"మాస్కు ఉండాది గదా!"

"నీ రొమ్ము సంగతి మాస్కుకు తెలీదు. నాకు తెలుసు."

చెల్లెలు కళ్ళనీళ్ళు పెట్టుకుని బల్ల మీద కూర్చుంది. గైడు పెద్దమ్మను చూసి, మరి మీకు, అన్నట్టు చెయ్యి చూపించాడు. "నో ప్రాబ్లం," అంది పెద్దమ్మ. ఆ రెండు మాటలు నేను నా చెవులతో విన్నాను. ఆయన నాకు ఒక మాస్కు, ఆమెకు ఒక మాస్కు ఇచ్చాడు. పక్కల గుండ్రటి డబ్బాలుండే మాస్కులవి. ఆమె మాస్కు పట్టీ వెనక నుంచి నేనే కట్టాను. నా చేతులతోనే.

పైకి పోయే దారి అంతా బూడిద. పొయ్యిలో చల్లారిన బూడిద రంగే, కాలు పెడితే మటుకు గరగరమంటుంది. టపాసులు కాల్చిన మరుసటి దినం వీధిలో వచ్చే వాసన. పెద్దమ్మ నాలుగు అడుగులు వేసి ఆగేది, వెనక్కి తిరిగి లోయను చూపించేది, మళ్ళీ నాలుగు అడుగులు వేసేది. గైడు ఓపికగా నిలబడేవాడు. పైకి చేరాక తాడు పక్కన నిలబడి లోపలికి చూశాం. పసుపు పట్టిన రాళ్ళు, వాటి సందుల్లోంచి తెల్లటి పొగ. ఒక్కసారిగా కాదు, మెల్లగా, ఆగి, మళ్ళీ మెల్లగా.

పెద్దమ్మ మాస్కులోంచే అంది: "చూడు మే, ఎంత తీరుబాటుగా వదుల్తాందో." ఆమె కళ్ళల్లో అంత సంతోషం నేను మళ్ళీ చూడలేదు.

తరువాత గాలి తిరిగింది. అంత పెద్ద పొగ మా మీదికి వాలడానికి ఎక్కువ సేపు పట్టలేదు. గైడు అరిచి ఎడమ దిక్కు చూపించాడు. నేను పెద్దమ్మ చెయ్యి పట్టుకున్నాను. కళ్ళల్లో మిరపకాయ కొట్టినట్టయింది. చెయ్యి జారిపోయింది. వెనక్కి చూస్తే ఆమె దారి పక్కన చిన్న గుంటలో కూర్చుని ఉంది. కూర్చోవద్దని ఆమే చెప్పిన చోట. గైడు, నేను చెరో రెక్క పట్టుకుని లాక్కొచ్చాం. గాలి తేటగా ఉండే చోటికి వచ్చాక చూస్తే, మాస్కు వదులై గడ్డం కింద వేలాడుతోంది. గైడు ఆ పట్టీ పట్టుకుని నా వైపు చూసి, "లూజ్," అన్నాడు. ఆ ఒక్క మాటే అన్నాడు.

కింద ఆఫీసులో ఆక్సిజన్ పెట్టారు. అక్కడి నుంచి జీపులో చాలా దూరంలో ఉన్న ఆసుపత్రి. దారి పొడుగునా చెల్లెలే ఆమె తలను ఒళ్ళో పెట్టుకుని, "మెల్లగా వదులు పెద్దమ్మా, పెదాలు దగ్గర పెట్టి వదులు," అని చెబుతూనే ఉంది. చిన్నప్పుడు తనకు ఆమె నేర్పిన మాటలే. మనిషి ఇంటికైతే వచ్చింది గానీ, మునుపటి పెద్దమ్మ రాలేదు. హిందూపురంలో ఆమె మంచం పక్కన ఆక్సిజన్ మిషను చేరింది. అది దినమంతా గురగురమంటూనే ఉండేది.

ఆ తరువాతి నెలలు నేను ఎట్లా గడిపానో ఎవరికి చెప్పాలి. వారం వారం ధర్మవరంలో రైలెక్కి వచ్చేదాన్ని. వచ్చేవాళ్ళందరూ మిషను వైపు చూసి, నా వైపు చూసేవాళ్ళు. "ఆ పొగ తాగించుకొచ్చిరి," అనేవాళ్ళు. ఒక దినం ఆ మంచం పక్కనే అమ్మ నన్ను నిలదీసింది.

"నువ్వు పక్కనే ఉంటివి గదే. ఏం చేస్తాంటివి? మాస్కు ఒకటి సరిగా కట్టేదానికి చేతకాలేదా నీకు?"

నేను తల వంచుకున్నాను. పెద్దమ్మ మెలకువగానే ఉంది. అన్నీ విన్నది. ముఖం గోడ వైపు తిప్పుకుంది. అమ్మ లోపలికి పోయాక నేను ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాను. "పెద్దమ్మా, నేను గట్టిగా కట్టింటే నీకు ఇట్ల అయ్యేది కాదు. నన్ను మన్నించు," అన్నాను. ఆమె చెయ్యి చాపి నా చేతి మీద రెండుసార్లు తట్టింది. క్షమించిందనుకున్నాను. ఎంత పెద్ద మనసు అనుకున్నాను. ఇంటికి పోయి నా మొగుడితో కూడా అదే చెప్పి ఏడ్చాను.

ఈ ఎండాకాలం ఆమె పోయింది. మట్టి అయినాక కూడా ఆ మాట ఆగలేదు. నలభై దినాల ఫాతిహా నాడు వంట దగ్గర ఎవరో బంధువు, "మాస్కు ఊడిపోతే చూసుకోకపోతే ఎట్లమ్మా," అంది, నేను వినాలనే. పెనుకొండ నర్సక్క అక్కడే కూర్చుని ఉంది. ఏమీ అనలేదు. కానీ సాయంత్రం నేను స్టేషనుకు బయలుదేరితే, "నేనూ వస్తాండా, పెనుకొండ దాకా కలిసి పోదాం," అని వెంట వచ్చింది.

రైలు కదిలినాక చాలా సేపు ఆమె కిటికీలోంచి వేరుశనగ చేలు చూస్తూ కూర్చుంది. తరువాత నా చెయ్యి పట్టుకుంది.

"ఒక మాట చెప్తా. చెప్పొద్దని నాతో ఒట్టు వేయించుకుంది. ఆమె లేదు ఇప్పుడు. నిన్ను అందరూ అనేది నేను ఇంక చూడలేను."

"ఏం మాటక్కా?"

"మీరు పోకముందే ఆమెకు తెలుసు. బెంగుళూరులో స్కానింగు తీయించుకుంది, నేనే తోడు పోయినా. ఊపిరితిత్తులు గట్టిపడిపోతాండాయని డాక్టరు చెప్పినాడు. చిన్నప్పటి దూది, ఇంకేమేమో అన్నాడు. కొండలు గిండలు ఎక్కొద్దన్నాడు. పొగ దగ్గరికి అసలు పోవద్దన్నాడు."

ఆమె చేతిలోంచి నా చెయ్యి లాక్కున్నాను.

"ఆ మాస్కు కూడా," అంది నర్సక్క, "నువ్వు గట్టిగానే కట్టినావంట. ఆ డబ్బాల్లోంచి గాలి లాగే శక్తి ఆమెకు లేదు. ఊపిరాడక ఆమెనే సడలించుకుంది. మంచంలో ఉన్నప్పుడు నాతో చెప్పింది."

"నీతో చెప్పింది! నేను ఆమె కాళ్ళ దగ్గర ఏడిస్తే నాతో చెప్పలేదు?"

"నేనూ అడిగినా. పెద్దదానికి చెప్పు, పాపం అది కుమిలిపోతాంది అన్నా. చెప్తే చిన్నదానికి తెలిసిపోతాదంది. దాన్ని కింద కూర్చోబెట్టి నేను పైకి పోతినే, ఇప్పుడు ఏ మొగం పెట్టుకుని చెప్పల్ల అంది."

పెనుకొండ వచ్చింది. నర్సక్క దిగి, ప్లాట్‌ఫారం మీద నిలబడి కిటికీలోంచి నా తల నిమిరింది. రైలు కదిలింది. అక్కడి నుంచి ధర్మవరం దాకా నేను ఒంటరిగా కూర్చుని, జరిగిందంతా మొదటి నుంచి మళ్ళీ చూసుకున్నాను. పెనుకొండ కొండ మీద చెట్ల పేర్లు చెప్పడానికి ఆగింది మా కోసం కాదు. ఆ బూడిద దారిలో లోయను చూపించింది లోయ కోసం కాదు. నా చేతి మీద తట్టింది క్షమించి కాదు. చిన్నదాని ముందు తన మాట నిలబెట్టుకోవడానికి పెద్దదాన్ని నేరం మోయనిచ్చింది. నేను మోస్తుంటే చూస్తూ పడుకుంది. నన్ను మోసం చేసినవాళ్ళు వేరే ఉన్నారు జీవితంలో, వాళ్ళెవరి మీదా నాకు ఇంత కోపం రాలేదు. వాళ్ళ మాటల మీద నేను నా బతుకు కట్టుకోలేదు.

ఇంకో సంగతి. ఆ పొగలో గైడు తన మాస్కు జార్చుకుని ఆమెను లాగాడు. కిందికి వచ్చాక చాలా సేపు దగ్గుతూ కూర్చున్నాడు. అతనికీ ఇంట్లో ఎదురుచూసేవాళ్ళుంటారు. ఆమె నిజం చెప్పి ఉంటే అతను ఆమెను చెల్లెలి పక్కన బల్ల మీద కూర్చోబెట్టేవాడు. ముగ్గురం కిందనే కాఫీ తాగి, దూరం నుంచి ఆ పొగను చూసి వచ్చేవాళ్ళం. ఆమె ఇంకొన్నేళ్ళు ఉండేదేమో. మంచీచెడూ అడగడానికి నాకు మనిషి ఉండేది.

మీలో ఎవరైనా అట్లాంటి చోటికి పోతే, మా పెద్దమ్మ చెప్పినవన్నీ పాటించండి. బోర్డు మీద రంగు చూడండి, గాలి దిక్కు చూడండి, గుంటల్లో కూర్చోకండి, ఎప్పుడు తిరిగి వస్తారో ఒకరికి చెప్పి పోండి. ఆమె చెప్పినదాంట్లో ఒక్క ముక్క కూడా తప్పు లేదు. కానీ మీ రొమ్ములో ఏముందో అడిగినప్పుడు నిజం చెప్పండి. మీ వెనక నడిచేవాళ్ళు మీ పట్టీ కట్టి ఉంటారు.

పోయిన వారం పెద్దమ్మ ఇల్లు ఖాళీ చేయడానికి నేను, చెల్లెలు కూర్చున్నాం. చెప్పాలా వద్దా అని నాలో నేను చాలా కొట్టుకున్నాను. చెప్పకపోతే నేను కూడా ఆమెలాగే అవుతాను అనిపించి, చెప్పేశాను. చెల్లెలు వింటూ, మడతపెడుతున్న దుప్పటిని కింద పెట్టేసింది. అప్పుడు అంది:

"అట్లయితే నేను గూడా ఎక్కేదాన్నే గదక్కా. ఆమె ఎక్కలేదా?"

"నోరు మూసుకో," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. "నువ్వు ఎక్కేదానికి లేదు. ఆ మాట మటుకు నిజం."

అది నన్ను కోపంగా చూసి, లేచి మంచం కిందివి లాగడం మొదలుపెట్టింది. ఒక సంచిలో పెద్దమ్మ ఆ కొండకు వేసుకుపోయిన బూట్లు దొరికాయి. ఆసుపత్రి నుంచి వస్తే కాలి చెప్పులు కూడా డెట్టాలుతో కడిగే మనిషి, వాటిని కడగలేదు. చెల్లెలు ఒక బూటు తిరగేసి తట్టింది. అడుగున గీతల్లోంచి బూడిద రాలింది. తను చూడని కొండ బూడిద. దాన్ని కుడి అరచేతిలో పోసుకుని, ఎడమ చేత్తో కొంగు ముక్కుకు గట్టిగా అదిమిపెట్టుకుని, చెయ్యి వీలైనంత దూరంగా చాపి, కిటికీ వెలుతురులో చాలా సేపు చూస్తూ నిలబడింది.